వైస్రాయ్–లండన్ ఉత్తర ప్రత్యుత్తరాలను సరిగా చదవడం ఎలా: 1870ల అఫ్గాన్ కాగితాలతో ఒక సమగ్ర మార్గదర్శి

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల సామ్రాజ్య వ్యవహారాల మీద పరిశోధన చేసేవారు, వ్యాసాలు రాసేవారు, అనువాదాలు చేసేవారు ఒకే ప్రశ్నను పదేపదే అడుగుతున్నారు. కలకత్తా, సిమ్లాల నుంచి వైస్రాయ్ రాసినవి, లండన్ నుంచి భారత రాజ్య కార్యదర్శి, అంటే ఇండియా మంత్రి, రాసినవి ఇప్పుడు చాలావరకు చూడడానికి దొరుకుతున్నాయి. వాటిని ఎక్కడ మొదలుపెట్టి, ఏ వరుసలో, ఏ జాగ్రత్తలతో చదవాలి?

ఈ వ్యాసం ఆ ఒక్క పనికే పరిమితం. ఉదాహరణకు 1873 నుంచి 1878 వరకు అఫ్గానిస్తాన్ విషయంలో నడిచిన కాగితాలను తీసుకున్నాను. ఈ పద్ధతికంతటికీ ఆధారమైన నియమం ఒకటుంది: ఏ ఉత్తరాన్నీ ఒంటరిగా చదవకూడదు. దానికి ముందు వచ్చినదీ, తరువాత వెళ్లినదీ, అదే వారం అదే మనిషి ఆంతరంగికంగా రాసినదీ పక్కన లేకపోతే, ఎంత స్పష్టంగా కనిపించే వాక్యమైనా మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

## 1. కాలాన్ని కాదు, ఒక గొలుసును ఎంచుకోండి

"వైస్రాయ్ లిట్టన్ కాలపు విదేశాంగ విధానం" అని మొదలుపెడితే ఏళ్లు గడిచినా పని తెమలదు. "కాబూల్ అమీర్ షేర్ అలీ దగ్గర ఆంగ్లేయ ప్రతినిధిని ఉంచాలన్న ఆలోచన ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చేరింది?" అని మొదలుపెడితే పని చేతికి అందుతుంది.

మంచి గొలుసుకు మూడు లక్షణాలుంటాయి: ఒకే విషయం, ఇద్దరు ముగ్గురు ముఖ్య లేఖకులు, రెండు చివర్లా తెలిసిన తేదీలు. మన ఉదాహరణలో మొదటి చివర 1873 జూలైలో వైస్రాయ్ నార్త్‌బ్రూక్‌కూ అమీర్ ప్రతినిధికీ మధ్య నడిచిన సిమ్లా చర్చలు, రెండో చివర 1878 నవంబర్ 21న మొదలైన రెండో అఫ్గాన్ యుద్ధం.

## 2. కాగితం ముట్టుకునే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఈ మెట్టును దాటవేసినవారే తరువాత ఎక్కువగా తడబడతారు. కనీసం ఒక పూట దీనికి కేటాయించండి.

మొదటిది పదవుల పట్టిక. ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఆ కుర్చీలో ఉన్నారో రాసుకోవాలి. వైస్రాయ్‌లలో నార్త్‌బ్రూక్ 1872–76, లిట్టన్ 1876–80, రిపన్ 1880–84, డఫరిన్ 1884–88, లాన్స్‌డౌన్ 1888–94. ఇండియా మంత్రులలో ఆర్గైల్ 1868–74, సాలిస్‌బరీ 1874–78, క్రాన్‌బ్రూక్ 1878–80, హార్టింగ్టన్ 1880–82, తరువాత కింబర్లీ. సాలిస్‌బరీ 1878 ఏప్రిల్‌లో ఇండియా శాఖ వదిలి విదేశాంగ మంత్రి అయ్యాడు. ఈ సంగతి పట్టికలో లేకపోతే ఆ ఏడాది వేసవి కాగితాలు చదివేటప్పుడు ఎవరు ఎవరికి ఆదేశం ఇస్తున్నారో తికమక పడటం ఖాయం.

పట్టికలో పదవి వదిలిన తేదీతోపాటు, వదలబోతున్నట్లు తెలిసిన తేదీని కూడా రాయండి. నార్త్‌బ్రూక్ 1875లోనే రాజీనామాకు నిశ్చయించుకున్నాడు. లిట్టన్ బాధ్యతలు తీసుకున్నది 1876 ఏప్రిల్ 12న. ఈ మధ్యకాలపు నార్త్‌బ్రూక్ ఉత్తరాలు వెళ్లిపోతున్న మనిషి ఉత్తరాలు. వాటిలోని స్వేచ్ఛను, లండన్ వాటికి ఇచ్చిన విలువను ఆ దృష్టితోనే తూచాలి.

రెండోది కార్యాలయాల పేర్ల చిట్టా. కొత్తవారిని ఎక్కువగా కష్టపెట్టేది ఇదే.

- ఇండియా ఆఫీసు: లండన్‌లో ఇండియా మంత్రి కార్యాలయం.
- ఫారిన్ ఆఫీసు: లండన్‌లో బ్రిటిష్ విదేశాంగ శాఖ. రష్యాతో మాట్లాడేది ఇది.
- ఫారిన్ డిపార్ట్‌మెంట్: భారత ప్రభుత్వంలోని శాఖ. కాబూల్, కలాత్‌లతోపాటు హైదరాబాద్, మైసూరు వంటి సంస్థానాల వ్యవహారాలనూ చూసేది ఇదే. కనుక ఇక్కడ "ఫారిన్" అన్నంత మాత్రాన విదేశమని అనుకోరాదు. నిజాంతో భారత ప్రభుత్వం జరిపిన వ్యవహారాల కాగితాల కోసం వెతికేవారు ఈ శాఖ దస్త్రాలలో చూడాలి.
- ఇండియా కౌన్సిల్: 1858 చట్టం ప్రకారం లండన్‌లో ఇండియా మంత్రికి సలహా ఇచ్చే 15 మంది సభ్యుల మండలి.
- వైస్రాయ్ కౌన్సిల్: కలకత్తా, సిమ్లాలలో వైస్రాయ్‌తో కలిసి ప్రభుత్వాన్ని నడిపే మండలి. ఈ రెండు కౌన్సిళ్లనూ ఒకటిగా రాయడం తెలుగు వ్యాసాలలో నేను తరచుగా చూసిన పొరపాటు.

మూడోది పటం. పెషావర్, జమ్రూద్, అలీ మస్జిద్, జలాలాబాద్, కాబూల్, క్వెట్టా, కాందహార్, హెరాత్‌లు ఒకే చూపులో కనిపించే పటాన్ని బల్ల మీద ఉంచుకోండి. కాబూల్‌లో ప్రతినిధి, హెరాత్‌లో ప్రతినిధి అన్నవి ఎంత వేరైన విషయాలో పటం చూసినప్పుడే అర్థమవుతుంది.

## 3. చేతిలో ఉన్నది ఏ రకం కాగితమో తేల్చుకోండి

ఒకే విషయం మీద ఒకే వారంలో ఒకే మనిషి పేరుతో నాలుగైదు రకాల కాగితాలు వెళ్లేవి. ఏ రకమో తేల్చకుండా ఒక్క వాక్యం కూడా నోట్సులోకి ఎక్కించకండి.

అధికారిక డిస్పాచ్, అంటే ప్రభుత్వం తరఫున వెళ్లే ఉత్తరం. దీనికి సంఖ్య, శాఖ, తేదీ ఉంటాయి. భారతదేశం నుంచి వెళ్లేటప్పుడు కౌన్సిల్ సభ్యుల సంతకాలన్నీ ఉంటాయి. అటునుంచి వచ్చేది వైస్రాయ్ ఒక్కడి పేరున కాక, కౌన్సిల్‌తో కూడిన గవర్నర్ జనరల్ పేరున వస్తుంది. ఏదో ఒక రోజు పార్లమెంటు ముందుకు వెళ్లవచ్చునని తెలిసి రాసినది కనుక ప్రతి వాక్యంలోనూ ఆ ఎరుక ఉంటుంది. దీనిని చాలావరకు కార్యదర్శులు తయారుచేసేవారు. శైలిని చూసి వైస్రాయ్ మనస్తత్వాన్ని ఊహించే ప్రయత్నం ఇక్కడ చేయకూడదు.

రహస్య డిస్పాచ్. యుద్ధం, సంధి, ఇతర రాజ్యాలతో సంప్రదింపులకు సంబంధించిన విషయాలలో ఇండియా కౌన్సిల్‌కు చూపకుండానే ఉత్తర్వు పంపే అధికారాన్ని చట్టం మంత్రికి ఇచ్చింది. అఫ్గాన్ కాగితాలలో ముఖ్యమైనవి ఈ దారిలోనే నడిచాయి. కాబట్టి "లండన్ కౌన్సిల్ ఆమోదించింది" అని రాసేముందు ఆ కాగితం వారి ముందుకు అసలు వెళ్లిందా అని చూడాలి.

ఆంతరంగిక లేఖ. వైస్రాయ్, మంత్రి దాదాపు ప్రతి వారం టపాకు ఒకరికొకరు నేరుగా రాసుకునేవారు. కౌన్సిల్ దీన్ని చూడదు, పార్లమెంటుకు అడిగే వీలు లేదు. వైస్రాయ్‌లు తమ ఆంతరంగిక లేఖలను కొద్ది ప్రతులుగా అచ్చు వేయించి సంపుటాలుగా కట్టించేవారు: మంత్రితో జరిపినవి ఒక భాగం, ఇంగ్లండ్‌లోని ఇతరులతో జరిపినవి ఒకటి, భారతదేశంలోని వారితో జరిపినవి మరొకటి, టెలిగ్రాములు వేరుగా. మంత్రి సంపుటం ఒక్కటే చదివి ఆపేయడం పెద్ద నష్టం. పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌కో, సరిహద్దు అధికారికో రాసిన లేఖలో వైస్రాయ్ మరింత నేరుగా మాట్లాడి ఉండవచ్చు.

టెలిగ్రాం. 1870లో బొంబాయి నుంచి ఏడెన్, సూయెజ్ మీదుగా సముద్రపు తంతి పూర్తయ్యాక అత్యవసర నిర్ణయాలన్నీ ఇందులోకి మారాయి. మాటకు ఇంత అని ఖర్చు, పైగా సంకేతలిపి. అందుకే కారణాలు ఉండవు, ఫలితం మాత్రమే ఉంటుంది. కారణాల కోసం ఆ వారపు ఆంతరంగిక లేఖలోకి వెళ్లాలి.

నోట్స్, ముసాయిదాలు. భారత ప్రభుత్వ దస్త్రాలలో "కె.డబ్ల్యు." అనే గుర్తు కనిపిస్తే వదలకండి. "దీనితోపాటు ఉంచవలసినవి" అని దాని భావం. అధికారుల మధ్య సాగిన వాదప్రతివాదాలు, కొట్టివేసిన ముసాయిదా వాక్యాలు ఇందులో ఉంటాయి. లండన్‌కు వెళ్లిన అచ్చుప్రతిలో ఇవి ఉండవు. ఒక విధానం ఎలా రూపుదిద్దుకుందో చెప్పే విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఈ కాగితాలకే.

ఇక్కడే మరొక దారిని గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు, బొంబాయి గవర్నర్లకు వైస్రాయ్‌ని దాటి లండన్‌కు నేరుగా రాసే హక్కు ఉండేది. 1876–78 కరవు మన బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను తుడిచిపెడుతున్నప్పుడు మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ ఒక వైపు నుంచి, లిట్టన్ మరొక వైపు నుంచి అదే సాలిస్‌బరీకి రాస్తున్నారు. ఆ విషయం చదివేవారు రెండు గొలుసులను పక్కపక్కన పెట్టకపోతే ఒకరి వాదనే చరిత్రగా మిగిలిపోతుంది.

## 4. ప్రతి కాగితానికీ నాలుగు తేదీలు

ఒక పట్టిక గీయండి. అందులో నాలుగు గడులు: రాసిన తేదీ, పంపిన తేదీ, అందిన తేదీ, దాని మీద చర్య తీసుకున్న తేదీ. తెలియని గడిని ఖాళీగా వదలండి, ఊహతో నింపకండి.

సూయెజ్ కాలువ తెరుచుకున్నాక కూడా సిమ్లా నుంచి లండన్‌కు ఉత్తరం చేరడానికి సుమారు మూడు నాలుగు వారాలు పట్టేది. అంటే ప్రశ్నకూ జవాబుకూ మధ్య కనీసం ఒకటిన్నర నుంచి రెండు నెలలు. ఈ వ్యవధిలో రెండు వైపుల నుంచీ మరికొన్ని ఉత్తరాలు బయలుదేరి ఉంటాయి; అవి సముద్రం మీద ఒకదానినొకటి దాటిపోతాయి. తేదీల వరుసలో పక్కపక్కన కనిపించినంత మాత్రాన రెండోది మొదటిదానికి జవాబు కాదు. "మీ ఫలానా తేదీ ఉత్తరం అందింది" అనే మొదటి వాక్యాన్ని చూసి జవాబు దేనికో నిర్ధారించండి.

ఈ పట్టిక ఎందుకు అవసరమో 1878 నవంబర్ చెబుతుంది. అమీర్‌కు బ్రిటిష్ వారు పంపిన తుది హెచ్చరికకు జవాబు నవంబర్ 20లోగా రావాలని గడువు. గడువు ముగిసింది, 21న సేనలు సరిహద్దు దాటాయి. అమీర్ జవాబు బ్రిటిష్ వారికి చేరింది 30న. అందిన తేదీ మాత్రమే చూసినవారు "యుద్ధం మొదలయ్యాక దారికి వచ్చాడు" అని రాస్తారు. కానీ ఆ జవాబు మీద ఉన్న తేదీ నవంబర్ 19. రెండు తేదీలూ పక్కపక్కన రాసిన క్షణంలోనే కథ మారిపోతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు గడువు ఎంత ఇచ్చారు, ఉత్తరం ఏ దారిన వచ్చింది, మధ్యలో ఏమైంది అన్నవి.

ఆలస్యాన్ని కొలిచేటప్పుడు ప్రయాణ కాలాన్ని తీసివేయడం నేర్చుకోండి. మిగిలినది ఆలోచనో, సంప్రదింపో, ఇష్టంలేకపోవడమో అయివుంటుంది. దీనికి ఉదాహరణ తరువాతి మెట్టులో ఉంది.

## 5. గొలుసును మొదటి కొస నుంచి చదవండి

నిదానంగా చేయవలసిన మెట్టు ఇది. ఐదు కాగితాలు తీసుకుందాం.

1875 జనవరి 22. సాలిస్‌బరీ నార్త్‌బ్రూక్ ప్రభుత్వానికి రాశాడు. హెరాత్‌లో బ్రిటిష్ ఏజెన్సీ, అంటే ప్రతినిధి కార్యాలయం, నెలకొల్పడానికి అమీర్ సమ్మతి సంపాదించాలన్నది సారాంశం. తరువాత కాందహార్ ప్రస్తావన కూడా ఉంది.

1875 జూన్ 7. నార్త్‌బ్రూక్ ప్రభుత్వం జవాబు. ఇందుకు ఇది సమయం కాదన్నది వారి వాదన. ఇప్పుడు లెక్క వేయండి. జనవరి ఉత్తరం ఫిబ్రవరిలో చేరి ఉంటుంది. మిగిలిన మూడు నెలలకు పైగా కాలం టపాది కాదు. ఆ కాలంలో సరిహద్దు వ్యవహారాలు తెలిసిన అధికారుల అభిప్రాయాలు సేకరించారు. అవి డిస్పాచ్‌కు జతపరిచిన కాగితాలలో ఉన్నాయి. జతపరచినవాటిని వదిలేసి ముఖపత్రం చదివితే సగం చదివినట్లే.

1875 నవంబర్ 19. సాలిస్‌బరీ మళ్లీ రాశాడు. ఈసారి కాబూల్‌కు ఒక రాయబార బృందాన్ని పంపమన్నాడు. శాశ్వత ప్రతినిధి సంగతి పైకి చెప్పనక్కరలేదు, ఏదో చిన్న విషయం కోసం పంపినట్లు కనిపించడం మేలు, అటువంటి సందర్భం వెతకడం కష్టం కాదు, అవసరమైతే కల్పించుకోవచ్చు అన్నది అందులోని భావం. ఇది ఆంతరంగిక లేఖ కాదు, డిస్పాచ్. "అధికారిక కాగితంలో మర్యాద మాటలే ఉంటాయి" అనే నమ్మకంతో వేగంగా చదివేవారు ఇటువంటి వాక్యాన్ని దాటిపోతారు. రకాన్ని బట్టి అంచనా పెట్టుకోవడం మంచిదే, కానీ ఆ అంచనా కళ్లకు గంతలు కాకూడదు.

1876 జనవరి 28. నార్త్‌బ్రూక్ ప్రభుత్వం తన అభ్యంతరాన్ని మరొకసారి చెప్పింది.

1876 ఫిబ్రవరి 28. కొత్త వైస్రాయ్ లిట్టన్‌కు సాలిస్‌బరీ ఆదేశాలు. చివరి రెండు తేదీల మధ్య సరిగ్గా ఒక నెల. టపా కాలాన్ని తీసివేస్తే, పాత ప్రభుత్వ అభ్యంతరం లండన్ చేరిన కొద్ది రోజులకే కొత్త ఆదేశాలు తయారైపోయాయని తెలుస్తుంది. అభ్యంతరాన్ని అక్కడ తూచారా, లేక దాని కోసం ఆగనే లేదా అన్నది ఈ ఐదు కాగితాలు చెప్పవు. దాని కోసం ఆ వారాల ఆంతరంగిక లేఖలు తెరవాలి.

గొలుసు చదివేటప్పుడు ప్రతి కాగితానికీ నోట్సులో ఈ ఐదింటినీ రాయండి:

- ఇది ఏ కాగితానికి జవాబు?
- కొత్తగా అడిగినది ఏమిటి?
- పాతదానిలో దేనికి జవాబు ఇవ్వలేదు?
- ఏ జత కాగితాలు ఉన్నాయి, అవి దొరికాయా?
- ఇదే వారం ఇదే మనిషి వేరే ఎవరికి రాశాడు?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మౌనం కూడా జవాబే.

## 6. పదాల చిట్టా తయారుచేయండి

ఈ కాగితాలలో "ఏజెంట్", "రెసిడెంట్", "ఎన్వాయ్", "మిషన్", "వకీల్" అన్నవి పర్యాయపదాలు కావు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున కాబూల్‌లో అప్పటికే ఒక ముస్లిం వకీల్ (ఇక్కడ న్యాయవాది కాదు, దేశీయ ప్రతినిధి) ఉన్నాడు. అమీర్‌కు అతనితో పేచీ లేదు. పేచీ ఆంగ్లేయ అధికారి శాశ్వతంగా కూర్చోవడం మీద. వచ్చి మాట్లాడి వెళ్లే బృందం వేరు, కాపురం పెట్టే ప్రతినిధి వేరు. వీటన్నిటినీ తెలుగులో "రాయబారి" అని ఒకే మాటతో అనువదిస్తే వివాదమంతా మాయమవుతుంది. వకీల్‌ను వకీల్‌గానే, రెసిడెంట్‌ను రెసిడెంట్‌గానే ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

పదం పక్కనున్న ఊరి పేరు కూడా అంతే ముఖ్యం. 1877 జూన్‌లో ప్రభువుల సభలో ఆర్గైల్ డ్యూక్ ఈ విషయం మీద నిలదీసినప్పుడు సాలిస్‌బరీ, కాబూల్‌లో అమీర్ మీద రాయబారిని బలవంతంగా రుద్దే ప్రయత్నం తాము చేయలేదన్నాడు. 1875 జనవరి డిస్పాచ్‌ను పక్కన పెట్టి చూడండి: అందులో అడిగినది హెరాత్. సభలో అన్న మాటలో "కాబూల్", "బలవంతంగా" అనే రెండు పదాలు మొత్తం బరువును మోస్తున్నాయి. విన్నవారు మాత్రం విధానమే మారలేదని అర్థం చేసుకున్నారు. పదాల చిట్టా ఉన్న పాఠకుడికి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

చిట్టాలో చేర్చవలసిన మర్యాద మాటలు కొన్ని ఉన్నాయి. "మనవి చేయడానికి సాహసిస్తున్నాము" అన్నది చాలాసార్లు గట్టి అభ్యంతరం. "ముఖ్యాంశాలలో ఏకీభవిస్తున్నాము" అంటే ఏకీభవించని అంశం ముందు వస్తుందని అర్థం. "మీ విచక్షణకే వదులుతున్నాము" అన్న తరువాతి వాక్యంలో ఆ విచక్షణకు హద్దు ఉందేమో చూడండి.

## 7. అచ్చుప్రతిని అసలుతో సరిపోల్చండి

పార్లమెంటు ముందు ఉంచిన కాగితాల సంపుటాలను బ్లూ బుక్కులు అంటారు. అవి సులభంగా దొరుకుతాయి కనుక చాలామంది వాటితోనే ఆగిపోతారు. అవి ప్రభుత్వం ఎంచి ఇచ్చిన కాగితాలు అని మరువకూడదు. శీర్షిక కింద "ఎక్స్‌ట్రాక్ట్" (ఎంచి తీసిన భాగం) అని ఉంటే తీసివేసిన భాగం ఉన్నట్లు. సంకేతలిపి బయటపడకుండా టెలిగ్రాముల మాటలను కొన్నిసార్లు మార్చి అచ్చువేసేవారు. అటువంటి దానిలోని పదాన్ని పట్టుకుని వాదన నిర్మించకూడదు.

ప్రచురణ కోసమే రాసిన కాగితాలను మరీ జాగ్రత్తగా చూడాలి. 1878 నవంబర్ 18 నాటి క్రాన్‌బ్రూక్ డిస్పాచ్ లిట్టన్‌కు రాసినట్లు కనిపిస్తుంది. నిజానికి యుద్ధం మొదలవుతున్న రోజుల్లో బ్రిటిష్ ప్రజల ముందు పెట్టిన సమర్థన అది. అందులోని తొమ్మిదో పేరా 1873 సిమ్లా చర్చలను చెప్పిన తీరు మీద డిసెంబర్ పార్లమెంటు సమావేశంలో తీవ్ర వివాదం నడిచింది.

సాధన కోసం ఈ పని చేయండి: ఆ తొమ్మిదో పేరాను ఒక వైపు, 1873 జూలై 24న నార్త్‌బ్రూక్ పంపిన టెలిగ్రాంను, జూలై 26న ఆర్గైల్ ఇచ్చిన జవాబును మరొక వైపు ఉంచండి. పేరాలో ఏది చేరింది, ఏది జారిపోయింది, ఏది వరుస మారింది అని మూడు రంగులతో గుర్తించండి. ఈ ఒక్క సాధన ఎన్నో పాఠాలతో సమానం.

అసలు ప్రతుల కోసం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులలోని పొలిటికల్ అండ్ సీక్రెట్ విభాగం, అక్కడి యూరోపియన్ వ్రాతప్రతులలో లిట్టన్ కాగితాలు (ఇ 218), నార్త్‌బ్రూక్ కాగితాలు (సి 144) చూడాలి. భారతదేశం వైపు ప్రతులకు న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం. దాని అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఫారిన్ డిపార్ట్‌మెంట్ దస్త్రాలు అనేకం ఇంటినుంచే వెతకవచ్చు. అక్కడ పేర్లకు నాటి ఇంగ్లీషు వర్ణక్రమం వాడాలి. కడపను "కడ్డపా" అని, బళ్లారిని "బెల్లారీ" అని పలికే తీరులో రాసి వెతికితేనే ఫలితం వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని అభిలేఖాగారం, నిజాం ప్రభుత్వ కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం ఉన్నాయి.

## 8. మూడో గొంతును వెతకండి

వైస్రాయ్, మంత్రి ఇద్దరూ ఎవరి గురించి రాసుకుంటున్నారో ఆ మనిషి మాట ఎక్కడ ఉంది? అమీర్ పారశీకంలో రాసేవాడు. మనకు దొరికేది అధికారులు చేసిన ఇంగ్లీషు అనువాదం, దానినుంచి మనం చేసే తెలుగు. ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ మాట గట్టిపడటమో, పలచబడటమో జరుగుతుంది. 1877 ఆరంభంలో పెషావర్‌లో బ్రిటిష్ ప్రతినిధి లూయిస్ పెల్లీతో చర్చించిన అమీర్ ప్రతినిధి సయ్యద్ నూర్ మహమ్మద్ మాటలు సమావేశ నివేదికలలో ఉన్నాయి. చర్చల మధ్యలో, మార్చిలో ఆయన మరణించాడు. తాము ఆంగ్లేయ అధికారులను ఎందుకు ఒప్పుకోలేరో ఆయన ఓపికగా చెప్పిన కారణాలను, బ్రిటిష్ డిస్పాచ్‌లోని క్లుప్త సారాంశంతో పోల్చి చదవండి.

హైదరాబాద్ కాగితాలకూ ఇదే వర్తిస్తుంది. బ్రిటిష్ వారి అధీనంలో ఉన్న బీరార్‌ను నిజాంకు తిరిగి ఇవ్వాలని ఆయన దివాన్ సాలార్‌జంగ్ 1870లలో రాసిన ఉత్తరాలు వైస్రాయ్‌కి నేరుగా చేరేవి కావు; హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ చేతుల మీదుగా, అతని వ్యాఖ్యతో కలిసి వెళ్లేవి. లండన్ చదివినది సాలార్‌జంగ్‌నా, రెసిడెంట్ కళ్లతో సాలార్‌జంగ్‌నా అన్న ప్రశ్న ప్రతి ఉత్తరం దగ్గరా వేసుకోవాలి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

"బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది" అని రాయడం. ఎవరు? 1878 సెప్టెంబర్‌లో, కాబూల్‌కు రష్యా బృందం రావడం మీద అడిగిన వివరణకు రష్యా నుంచి జవాబు వచ్చేవరకు ఆగాలని లండన్ మంత్రివర్గం కోరింది. లిట్టన్ ఆగలేదు, సెప్టెంబర్ 21న కాబూల్‌కు వెళ్లవలసిన నెవిల్ చాంబర్లెయిన్ రాయబార బృందాన్ని ఖైబర్ దారిన కదిలించగా అలీ మస్జిద్ దగ్గర అఫ్గాన్ అధికారి ఆపివేశాడు. ఇక్కడ "బ్రిటిష్ ప్రభుత్వం" అనే కర్త రెండుగా చీలిపోయింది. సవరణ: ప్రతి క్రియకూ ఒక మనిషినో, కార్యాలయాన్నో కర్తగా రాయండి.

ఆంతరంగిక లేఖే అసలు నిజమని నమ్మడం. ఆంతరంగికంగా రాసేవాడికి కూడా ఎదుటివాడిని ఒప్పించే పని ఉంటుంది. లిట్టన్ సాలిస్‌బరీకి ఒక రకంగా, మహారాణికి మరొక రకంగా రాయడం సహజం. సవరణ: ఒకే సంఘటన మీద ఇద్దరికి రాసిన లేఖలను పోల్చి, రెండింటిలోనూ ఉన్నదాన్ని ముందు రాయండి.

సంతకం చేసినవారంతా ఏకీభవించారనుకోవడం. సవరణ: భిన్నాభిప్రాయ నోట్ జతపరిచారా అని చూడండి, లేకపోతే ఆంతరంగిక లేఖలలో కౌన్సిల్ చర్చ ప్రస్తావన వెతకండి.

ముగింపు తెలిసి చదవడం. 1878లో యుద్ధం వచ్చిందని మనకు తెలుసు కనుక 1875లోని ప్రతి వాక్యం యుద్ధం వైపే నడుస్తున్నట్లు కనిపిస్తుంది. సవరణ: ఒక కాగితం చదువుతున్నప్పుడు దాని తేదీ తరువాతి కాగితాలను మూసి ఉంచండి. ఆ రోజున రాసేవాడికి తెలిసినది ఎంతో అంతే మీకూ తెలిసి ఉండాలి. క్రమశిక్షణ కోరే పద్ధతి ఇది, అయినా తప్పనిసరి.

ఉదాహరించిన వాక్యాన్ని మరొకరి పుస్తకం నుంచి ఎత్తి రాయడం. సవరణ: అసలు కాగితంలో ఆ వాక్యానికి ముందు రెండు, తరువాత రెండు వాక్యాలు చూసేవరకు ఉపయోగించకండి.

## 10. రాయడానికి కూర్చునే ముందు తనిఖీ

- నా గొలుసులోని ప్రతి కాగితం ఏ రకమో నోట్సులో ఉందా?
- నాలుగు తేదీల పట్టికలో ఖాళీ గడులు ఎన్ని? వాటిలో నా వాదనకు కీలకమైనవి ఏవైనా ఉన్నాయా?
- బ్లూ బుక్ నుంచి తీసుకున్న ప్రతి భాగాన్నీ అసలుతో సరిపోల్చానా? సరిపోల్చలేనివాటిని అలాగే గుర్తించానా?
- "ఏజెంట్", "ఎన్వాయ్", "వకీల్" వంటి పదాలను మొదటి నుంచి చివరి వరకు ఒకే పద్ధతిలో అనువదించానా?
- జత కాగితాలలో చదవనివి ఎన్ని మిగిలాయి?
- ఎవరి గురించి ఈ ఉత్తరాలు నడిచాయో, వారి మాట నా వ్యాసంలో కనీసం ఒక్కచోటైనా వారి సొంత కాగితం నుంచి వచ్చిందా?

చివరి ప్రశ్నకు జవాబు "లేదు" అయితే రాయడం ఆపి, పెషావర్ సమావేశ నివేదికలనో, మీ గొలుసులో వాటికి సమానమైన కాగితాలనో మళ్లీ తెరవండి.